ఒట్టు వేయించని గది

మా బంధువుల్లో సగం మందికి నేను ఏం ఉద్యోగం చేశానో ఇప్పటికీ తెలియదు. "కృపావతి తాగుబోతుల ఆసుపత్రిలో చేసేది" అంటారు. పెళ్ళిళ్ళలో నన్ను ఎవరికైనా పరిచయం చేయాల్సి వస్తే "నర్సు" అనేసి ఊరుకుంటారు. నేను నర్సుని కాదు. రాజమండ్రిలో ఒక మానసిక వైద్యుడి ఆసుపత్రిలో కౌన్సెలర్‌ని. రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. మొదట్లో మగవాళ్ళ తాగుడు చూసేదాన్ని. తర్వాత తర్వాత ఆడవాళ్ళ వ్యసనాలే నా పనైపోయాయి. ఆడవాళ్ళకి వ్యసనాలేంటి అని ఆశ్చర్యపోయేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళని ఒకసారి ఇంటికెళ్ళి అటక మీద వెతుక్కోమని చెప్తాను.

ఈ మధ్య ఈ పనిలోకి పెద్ద చదువులు చదివిన ఆడపిల్లలు వస్తున్నారు. సంతోషం. కొందరు మా ఇంటికి వచ్చి "మేడం, మీ అనుభవాలు చెప్పండి" అని అడిగారు. నోటితో చెప్పబోతే మధ్యలో ఫోన్లు చూసుకున్నారు. అందుకని రాస్తున్నాను. గొప్పలు చెప్పుకుంటోందని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. చెప్పుకోదగ్గ పని చేశాను గనకే చెప్పుకుంటున్నాను.

పెసరట్టు తిని రమ్మనడం

మగవాడు తాగి పడిపోతే నలుగురు మోసుకొచ్చి ఆసుపత్రిలో పడేస్తారు. ఇంటి ఆడమనిషి పేకకి బానిస అయిందని, కొన్నవి కొన్నట్టే దాచేస్తోందని మాత్రం ఎవరూ తీసుకురారు. నిద్ర పట్టట్లేదంటారు, గుండె దడంటారు, పరధ్యానమంటారు. థైరాయిడ్ పరీక్షలయ్యాక, గుండె డాక్టర్‌ని చూశాక, ఇంక చూపించడానికి ఎవరూ మిగలనప్పుడు మా మెట్లెక్కుతారు. ఆవిడ తల వంచుకుని కూర్చుంటుంది. పక్కన భర్తో అత్తగారో కూర్చుని, ఆవిణ్ణి అడిగినవాటికి కూడా వాళ్ళే జవాబులు చెప్తారు. "ఈవిడకి ఏ లోటూ లేదండి" అన్న మాట వినకుండా ఒక్క వారం కూడా గడిచినట్టు నాకు గుర్తులేదు.

అందుకని నేను చేసే మొదటి పని వైద్యం కాదు. పక్కనున్నవాళ్ళని బయటికి పంపడం. "బయటికెళ్ళండి" అంటే అనుమానపడతారు. "ఇంత పొద్దున్నే బయల్దేరి ఉంటారు, కింద హోటల్లో పెసరట్టు బాగుంటుంది, తిని రండి" అంటే సంతోషంగా వెళ్తారు. ఆ హోటలాయన నన్ను ఏనాడూ ఒక్క కాఫీ కూడా ఊరికే తాగమనలేదు. నా వల్ల ఆయన వ్యాపారం బాగానే సాగింది.

రెండో సంగతి. ఎంత పోగొట్టారని నేను ఎప్పుడూ అడగలేదు. ఇంట్లో ప్రతి ఒక్కరూ అదే అడిగి ఉంటారు. ఆ అంకె చెప్పేసరికి ఆవిడకి చెప్పడానికి ఇంకేమీ మిగలదు, సిగ్గుతో నోరు మూసుకుంటుంది. నేను అడిగేది ఒక్కటే. "ఏ వేళప్పుడు మనసు అటు లాగుతుందండి?" మధ్యాహ్నం అంట్లు తోమేశాక, పిల్లలు బడి నుంచి రాకముందు అని చాలామంది చెప్పేవారు. ఆ కాస్త వేళలో ఆవిడ ఎవరికీ అక్కర్లేదు. అక్కడ మొదలుపెడితే ఎవరి కథయినా దానంతటదే వస్తుంది.

ఫాల్ కుట్టించారా?

పెద్దాపురం నుంచి సీతామహాలక్ష్మి గారని ఒక టీచరు వచ్చారు. తలనొప్పి అన్నారు. భర్త నవ్వుతూ, "చీరలంటే ఆవిడకి కొంచెం సరదా అండి. ఆడవాళ్ళన్నాక ఉంటుంది గదండి" అన్నాడు. ఆయన్ని పెసరట్టుకి పంపించి అడిగాను.

"ఈమధ్య కొన్న చీరలకి ఫాల్ కుట్టించారా?"

ఆవిడ నా వంక వింతగా చూశారు. "లేదండి."

"పోనీ జాకెట్లు కుట్టించారా?"

"లేదండి."

"పార్సిల్ విప్పైనా చూశారా?"

ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. చీరల మీద సరదా ఉన్న మనిషి, చీర ఇంటికి రాగానే ఫాల్ వేయించి, జాకెట్ కుట్టించి, ఎప్పుడు కడదామా అని ఎదురుచూస్తుంది. విప్పకుండా బియ్యం డబ్బాల వెనక దాచేసే మనిషికి చీరతో పనిలేదు. ఇంకేదో కావాలి. అదేంటో ఆవిడే చెప్పారు.

"సాయంత్రం ఫోన్లో లైవ్ పెడతారండి. మనం బుక్ అని పెట్టగానే చీర పట్టుకున్న అమ్మాయి మన పేరు చదువుతుంది. 'సీతామహాలక్ష్మి గారూ, ఎంత మంచి చీర పట్టారండీ' అంటుంది. ఇంట్లో అమ్మా అంటారు, ఏమేవ్ అంటారు. బడిలో టీచర్ అంటారు. నా పేరు పెట్టి ఎవరైనా పిలిచి ఎన్నాళ్ళైందో తెలుసాండి?"

ఆ రోజు నుంచి ఆవిడ ఆసుపత్రిలో ఎప్పుడు కనిపించినా నేను పూర్తి పేరుతోనే పిలిచాను. నోటికి చాలా పొడుగు పేరు. అయినా ఒక్క అక్షరం తగ్గించలేదు. ఆవిడ మెల్లగా గట్టెక్కారు. ఫాల్ ప్రశ్న విని మా డాక్టర్ గారు మొదట పగలబడి నవ్వారు. ఆరు నెలలు తిరక్కుండా ఆయనే తన గదిలో ఆడవాళ్ళని అదే ప్రశ్న అడగడం నేను గుమ్మంలోంచి విన్నాను. పుస్తకాల్లో పెద్ద పెద్ద ప్రశ్నావళులు ఉంటాయి, కాదనను, వాడండి. కానీ మన ఆడవాళ్ళని మన వంటింటి మాటల్లో అడగండి. జవాబు అక్కడే దొరుకుతుంది.

డాక్టర్ గారి పద్ధతి

మా డాక్టర్ గారి పేరు రామచంద్రమూర్తి. మంచి వైద్యుడు, మంచి మనిషి, కోపిష్టి. చేతిలో పైసా లేని కూలివాడికి మందులు తన జేబులోంచి కొనిచ్చి, వాడు దణ్ణం పెట్టబోతే "పోరా, పో" అని తిట్టి పంపేవారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. ఒక్క విషయంలో మాత్రం ఆయనకి నేను నేర్పాను. ఈ వ్యాసం దాని గురించే.

ఆయన గదిలో కోరుకొండ నరసింహస్వామి పటం ఉండేది. పేషెంటు ఇంటికి వెళ్ళే రోజున బిడ్డని తీసుకురమ్మనేవారు. ఆ పటం ముందు నిలబెట్టి, బిడ్డ తల మీద చెయ్యి పెట్టించి, "ఇంక ముట్టను" అని ఒట్టు వేయించేవారు. మా క్రైస్తవులొస్తే బైబిలు తెప్పించేవారు, సాయిబులొస్తే వాళ్ళ దేవుడి పేరే చెప్పించేవారు. ఆ విషయంలో ఆయనకి తేడా లేదు. ఇంట్లోవాళ్ళకి ఆ తంతు ఎంతో నచ్చేది. మా ప్రాంతంలో మందుచీటీ పారేసుకునేవాళ్ళున్నారు గానీ పిల్లల తల మీద వేసిన ఒట్టు మర్చిపోయేవాళ్ళు లేరు.

"మన జనానికి మందు కంటే మాట గట్టిది కృపావతీ" అనేవారాయన. మానేసినవాళ్ళు ఏడాది తిరిగేసరికి పూతరేకుల పెట్టెలు పట్టుకుని వచ్చి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టేవారు. ఆ పెట్టెలు మా స్టాఫ్ అందరికీ పంచేవారు. తిన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ ఒట్టు మీద అనుమానపడాల్సిన అవసరం అప్పటికి ఎవరికీ రాలేదు.

ఉమ

ఉమామహేశ్వరి కోరుకొండ దగ్గర పల్లెటూరి కోడలు. భర్తకి ఎరువుల కొట్టు, కొంత పొలం. డిగ్రీ చదివింది. మా వైపు కాస్త కలిగిన ఇళ్ళల్లో మధ్యాహ్నాలు ఆడవాళ్ళు పేక వేసుకోవడం వింతేమీ కాదు. చింతపిక్కలు పందెం పెట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ ఆడతారు. ఆ ఆటలో ఉమని మించినవాళ్ళు ఆ వీధిలో లేరు. "ఎదుటి మనిషి మొహం చూసి ముక్క పడేస్తానండి" అని నాతో గర్వంగా చెప్పింది. ఆ ధీమాతోనే ఫోన్లో రమ్మీ మొదలుపెట్టింది. ఫోన్లో ఎదుటి మనిషికి మొహం ఉండదు. ఆ సంగతి తెలిసేసరికి చేతి గాజులు పోయాయి, మెడలో గొలుసు పోయింది. భర్త గొడవపడి మా దగ్గరికి తెచ్చాడు.

కొన్ని వారాలు వచ్చింది. బాగానే కోలుకుంటోంది. ఆఖరి రోజున డాక్టర్ గారు మామూలుగానే బిడ్డని తీసుకురమ్మన్నారు. కూతురు హారిక, ఆరో తరగతి. ఆ పిల్ల తల వంచి నిలబడింది. ఉమ ఆ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. అత్తగారికి అది చాలలేదు, అటునుంచి అటే కోరుకొండ తీసుకెళ్ళి, కొండెక్కించి, స్వామి ఎదుట మళ్ళీ వేయించింది. ఆ తర్వాత ఉమ మా ఆసుపత్రికి రాలేదు. ఫోన్ చేస్తే భర్త ఎత్తి, "మానేసిందండి, అంతా మీ దయ" అన్నాడు. డాక్టర్ గారు సంతోషించారు. నేనూ సంతోషించాను.

వేసవి సెలవుల్లో అత్తగారు మళ్ళీ వచ్చింది. ఉమతో కాదు, మనవరాలితో. పిల్ల సరిగ్గా తినట్లేదని, ఎవరితోనూ మాట్లాడట్లేదని, జూన్‌లో విజయవాడ హాస్టల్లో వేస్తున్నారని, ఈలోగా ఏదైనా బలం మందు ఇమ్మని అడిగింది. ఆవిణ్ణి పెసరట్టుకి పంపించాను. పిల్ల జుట్టు ఒత్తుగా ఉంది. రెండు జడలూ మాత్రం వంకరగా, వదులుగా వేలాడుతున్నాయి.

"జడలు ఎవరు వేశారమ్మా?"

"నాయనమ్మండి. చేతులు వణుకుతాయండి ఆవిడకి."

"అమ్మ వెయ్యదా?"

ఆ పిల్ల తన చెప్పుల వంక చూసుకుంది. "అమ్మ నన్ను ముట్టుకోదండి. నాకు జ్వరమొచ్చినప్పట్నుంచీ ముట్టుకోదండి. తలకి నూనె కూడా రాయదు. నేను పక్కన పడుకుంటే లేచెళ్ళి వేరేచోట పడుకుంటది. హాస్టల్లో వెయ్యమంది నాన్న కాదండి, అమ్మే." అని ఆగి, "నేనంటే అసహ్యం అనుకుంటానండి" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో అప్పటికి తెలియదు.

పెరట్లో

మా ఆసుపత్రిలో ఇళ్ళకి వెళ్ళే పద్ధతి లేదు. మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కాను. ఉమ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి చేతిలో చీర పట్టుకునే నిలబడిపోయింది. మనిషి సగమైంది.

"హారిక జడ మీరెందుకు వెయ్యట్లేదండి?" అని అడిగాను. పలకరింపులు అవీ పెట్టుకోలేదు.

ఆ ఒక్క ప్రశ్నకి ఆవిడ అక్కడే, తడి నేల మీద కూలబడిపోయింది. ఒట్టు వేసిన వారం తిరక్కుండానే మళ్ళీ ఆడింది. ఆ తర్వాత కొద్దిరోజులకే పిల్లకి డెంగీ. ప్లేట్‌లెట్లు పడిపోయి కాకినాడ ఆసుపత్రిలో పెట్టారు. ఆ వార్డు బయట కూర్చున్నప్పుడు ఉమకి ఒక్కటే తెలిసింది, ఆ జ్వరం తన చేతి నుంచి వచ్చిందని.

"ఈ చెయ్యి దాని తల మీద పెట్టి అబద్ధం ఆడానండి. మళ్ళీ ఈ చేత్తోనే ఎలా ముట్టుకోనండి? నాకు దూరంగా ఉంటే అదైనా బతుకుతుంది. అందుకే హాస్టల్లో వేసేయమన్నాను."

"ఆ నెల మీ ఊళ్ళో ఎంతమందికి డెంగీ వచ్చింది?"

"ఊరంతా వచ్చిందండి. దోమ కుడితే వస్తుందని నాకు తెలీదాండి? నేను బయాలజీ చదివాను." కళ్ళు తుడుచుకుంది. "తెలిసినా చెయ్యి లేవట్లేదండి."

"ఇప్పటికీ ఆడుతున్నారా?"

"ఆయ్. ముందుకంటే ఎక్కువండి. ఆడుతున్నంతసేపే ఆ వార్డు గుర్తుకురాదు. డాక్టర్ గారికి చెబుదామంటే ఏ మొహం పెట్టుకుని రానండి?"

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఇక్కడ ఆగి చదవండి. వ్యసనం ఒక రోగం. దాని మీద మేం పెద్దమనుషులం కలిసి ఇంకో రోగం పెట్టి పంపించాం. ఆట మాన్పించడానికి వేయించిన ఒట్టు ఆటని మాన్పలేదు. మళ్ళీ ఆడానని చెప్పుకునే దారిని మాత్రం మూసేసింది. కన్నకూతుర్ని కూడా తల్లికి దూరం చేసింది. జూన్ వస్తే ఆ పిల్ల, తల్లికి తనంటే అసహ్యమని నమ్ముతూ హాస్టల్ బస్సెక్కేస్తుంది. నాకున్న గడువు అంతే.

కుట్లు

మర్నాడు పొద్దున్నే డాక్టర్ గారి గదిలోకి వెళ్ళి, ఉమ చెప్పినదంతా నిలబడే చెప్పాను.

"ఉమ ఒట్టు మీరే వేయించారండి. మీరే తీసెయ్యాలి."

"తీసెయ్యడమేంటి కృపావతీ? ఏమన్నా కుట్లా తీసెయ్యడానికి?"

"కుట్లైతే వారానికి మీరే తీసేవారండి. ఇది చీము పట్టింది."

ఆయన కుర్చీలోంచి లేచారు. గొంతు పెంచారు. "ఈ ఒట్టుతో ఎంతమంది బాగుపడ్డారో నీకు తెలీదా? వచ్చిన పూతరేకులు తిన్నావు కదా?"

"పూతరేకులు తెచ్చినవాళ్ళు మానేసినవాళ్ళండి. మానలేనివాళ్ళు తెస్తారాండి? ఒట్టు తప్పిన మొహంతో మీ గుమ్మం ఎక్కుతారా? వాళ్ళు ఈ వీధిలోకే రారు. వాళ్ళు కనబడరు గనక మీకు అందరూ బాగుపడ్డట్టే ఉంటుంది."

"వెళ్ళి పని చూసుకో" అన్నారు. వెళ్ళి పని చూసుకున్నాను. ఆ రోజూ మర్నాడూ ఆయన నాతో మాట్లాడలేదు. ఉద్యోగం పోతుందేమోనని మా ఆయన కంగారుపడ్డాడు. పోతే పోయిందన్నాను. అన్నానే గానీ, నాకూ భయంగానే ఉంది.

ఆ తర్వాత తెలిసింది. ఆయన రిసెప్షన్‌లో అమ్మాయి చేత, ఒట్టు వేసి వెళ్ళి మళ్ళీ కనబడని పాత పేషెంట్లకి ఫోన్లు చేయిస్తున్నారు. కొందరు ఆసుపత్రి పేరు వినగానే పెట్టేశారు. ఒకాయన భార్య మాత్రం ఏడ్చేసిందట. "మళ్ళీ మొదలెట్టారండి. రమ్మంటే, ఒట్టు తప్పాక డాక్టర్ గారి మొహం చూడలేనంటున్నారండి" అందట. ఆ సాయంత్రం డాక్టర్ గారు నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. అంతకు ముందు ఆయన నా గదికి ఎప్పుడూ రాలేదు.

"ఉమని పిలిపించు. పిల్లనీ, ఆ పెద్దావిణ్ణీ కూడా" అన్నారు.

తల ఎవరిది

నలుగురం, పిల్లతో ఐదుగురం ఆయన గదిలో చేరాం. డాక్టర్ గారు సూటిగా మాట్లాడారు.

"అమ్మా ఉమా, ఆ ఒట్టు నువ్వు వెయ్యలేదు. నేను వేయించాను. జబ్బుతో ఉన్న మనిషి చేత వేయించకూడనిది వేయించాను. తప్పు నాది. దాన్ని ఇప్పుడు తీసేస్తున్నాను. పాపకి డెంగీ వచ్చింది దోమ వల్ల, నీ వల్ల కాదు."

ఆయన నోటి నుంచి "తప్పు నాది" అన్న మాట అంతకు ముందు నేను వినలేదు, ఆ తర్వాతా వినలేదు. ఉమ తల ఎత్తలేదు. అత్తగారికి మాత్రం కోపం వచ్చింది.

"స్వామి ఎదుట వేసిన ఒట్టు డాక్టర్లు తీసేయడమేంటండి? ఇదంతా ఈవిడ పెట్టిన పేచీ." నా వైపు తిరిగింది. "మీరు కిరస్తానీలు. మా ఒట్ల సంగతి మీకేం తెలుస్తుందండి?"

"మాకూ ఉన్నాయండి పిన్నిగారూ" అన్నాను. "మా చర్చిలో ఒకావిడ లేచి, పేక మానేశానని అందరి ముందూ సాక్ష్యం చెప్పింది. చప్పట్లు కొట్టాం. మళ్ళీ ఆడింది. అప్పట్నుంచి చర్చికే రావడం మానేసింది. దేవుడు ఏమీ అనలేదండి ఆవిణ్ణి. మేమే చప్పట్లు కొట్టి రానివ్వకుండా చేశాం."

పెద్దావిడ ఏదో అనబోయింది. అప్పటిదాకా గోడకి ఆనుకుని నిలబడ్డ హారిక మాట్లాడింది.

"తల నాది గదండి."

అందరం అటు తిరిగాం.

"ఇక్కడా, కొండ మీదా నన్ను వంగోమన్నారు, వంగున్నాను. నా తల మీద వెయ్యొచ్చా అని నన్నెవరూ అడగలేదు. నాకొద్దు. నేనే తీసేస్తున్నా." అని తల్లి దగ్గరికి వెళ్ళి, "నాకు జ్వరం నీ వల్ల రాలేదమ్మా. మా క్లాసులో అందరికీ వచ్చింది. నన్ను హాస్టల్‌కి పంపకు" అంది.

ఉమ కూతురి మొహంలోకి చూసింది. చెయ్యి మాత్రం ఒళ్ళోంచి లేవలేదు. సినిమాలో అయితే అక్కడే కౌగిలించుకుంటారు. మా ఆసుపత్రిలో అలాంటివి తక్కువ. పెద్దావిడ ముక్కు తుడుచుకుని, "హాస్టల్ సంగతి తర్వాత చూద్దాం లెండి" అంది. అది ఆవిడ పద్ధతిలో ఒప్పుకోవడం. జూన్‌లో హారిక ఇంటి నుంచే తన పాత బడికి వెళ్ళింది.

నరసింహస్వామి పటం డాక్టర్ గారి గదిలో ఇప్పటికీ ఉంది. దాని ముందు మళ్ళీ ఎవరినీ నిలబెట్టలేదు. ఇంట్లోవాళ్ళు అలవాటుకొద్దీ పిల్లల్ని ముందుకు తోస్తే, "వద్దమ్మా, పిల్లల్ని బయట ఆడుకోనివ్వండి" అనేవారాయన.

గురువారాలు

ఒట్టు తీసేయడం సులువు. దాని స్థానంలో ఏదో ఒకటి పెట్టాలి కదా. డాక్టర్ గారు అది నాకు వదిలేశారు. గురువారం గురువారం నా గదిలో ఆడవాళ్ళని కూర్చోబెట్టడం మొదలుపెట్టాను. సీతామహాలక్ష్మి గారు వచ్చారు, ఉమ వచ్చింది, మెల్లగా ఇంకొందరు చేరారు. ఆ గదిలో ఎవరూ ఏ మాటా ఇవ్వక్కర్లేదు. ఇవ్వబోతే నేనే ఆపేదాన్ని. "ఇంక జన్మలో ఆడనండి" అని ఎవరైనా అంటే, "జన్మ సంగతి ఎందుకండి, శుక్రవారం మధ్యాహ్నం ఏం చేస్తారో చెప్పండి" అనేదాన్ని. ఆడితే, కొంటే, మర్నాడు పొద్దుటికల్లా ఇంట్లో ఒక మనిషికీ నాకూ చెప్పాలి. చెప్పినవాళ్ళని ఎంత పోయిందని ఎవరూ అడగకూడదు. మాకున్న నియమాలు అవే.

నవ్వినవాళ్ళున్నారు. ఇదేం వైద్యం, ఆడుకోమని లైసెన్సు ఇచ్చినట్టుంది అన్నారు. కానీ ఒట్టు వేసి తప్పిన ఆడవాళ్ళు తిరిగి వచ్చేవారు కాదు. ఈ గదికి వచ్చినవాళ్ళు జారి పడ్డా మళ్ళీ వచ్చారు. ఈ రెంటికీ తేడా నా కళ్ళతో చూశాను. తర్వాత కాకినాడ నుంచి, భీమవరం నుంచి ఇదే పని చేసేవాళ్ళు వచ్చి, ఒక మూల కూర్చుని చూసి వెళ్ళారు. వాళ్ళలో ఒక పెద్ద డాక్టరు, "ఈ పద్ధతి ఎక్కడ చదివారండి?" అని అడిగాడు. "ఆరో తరగతి పిల్ల చెప్పిందండి" అన్నాను. హాస్యం అనుకున్నాడు.

కొత్తగా వచ్చేవాళ్ళకి ఇంకో మాట. మీ దగ్గర బాగుపడ్డ మనిషి బజారులో ఎదురొస్తే మీరు పలకరించకండి. పక్కన బంధువులుంటారు. ఆవిడ మిమ్మల్ని ఎరగనట్టు వెళ్ళిపోతుంది, మీరూ వెళ్ళిపోండి. ఒక పెళ్ళిలో నా పక్కనే భోజనానికి కూర్చున్న ఆవిడ, తన కాపురం నిలబడ్డ కథంతా నా గదిలో చెప్పినావిడ, నన్ను "మీరు పెళ్ళికూతురి తరఫా అండి?" అని అడిగింది. అవునన్నాను. అలా అడిగిందని మొదట్లో చిన్నబుచ్చుకున్నాను. విస్తరి ముందునుంచి లేచేటప్పటికి సంతోషం వేసింది. ఆవిడకి ఇప్పుడు నాతో పని లేదు. మన పని అయిందనడానికి అంతకంటే మంచి గుర్తు ఉండదు. ఈ ఉద్యోగంలో శాలువాలు కప్పేవాళ్ళు ఉండరు, వాటి కోసం రాకండి.

నాకు దక్కిన సన్మానం అంటే ఒక ఫోన్ కాల్. స్కూళ్ళు తెరిచి కొన్ని నెలలైంది. ఉమ ఆట బాగా తగ్గింది. గురువారాలు తప్పకుండా వస్తోంది. కూతురి పక్కన కూర్చుంటోంది, అన్నం కలిపి పెడుతోంది. తల మీదికి మాత్రం చెయ్యి పోవట్లేదు. నేను తొందరపెట్టలేదు. ఒక సోమవారం పొద్దున్నే, నేను ఇంకా ఆసుపత్రికి బయల్దేరకుండానే ఫోన్ చేసింది.

"మేడం, నిన్న ఆడానండి."

గొంతులో ఏడుపు లేదు. భయం ఉంది.

"సరేనండి" అన్నాను. "ఇంట్లో ఎవరికి చెప్పారు?"

"హారికకే చెప్పానండి. ఇప్పుడే. కోప్పడతావో ఏం చేస్తావో నీ ఇష్టం, నిన్న మళ్ళీ ఆడానమ్మా అని చెప్పేశానండి."

"ఏమంది?"

నేను ఫోన్ గట్టిగా చెవికి ఆనించుకున్నాను.

"'సరేలే గానీ, జడ వెయ్యి, బస్సొచ్చేత్తది' అందండి. నాయనమ్మ ఇంకా లేవలేదండి. దువ్వెన నా చేతిలో పెట్టి, నా ముందు అటు తిరిగి కూర్చుండిపోయింది."

"వేశారా?"

"ఆయ్" అంది ఉమ. "రెండు జడలూ నేనే వేశానండి."